ముందు లీజు చూపించండి, ఆ తర్వాత ఓటడగండి

జాక్సన్ కౌంటీ లెజిస్లేచర్ సభ్యులకు, మిస్సోరిలోని కాన్సస్ సిటీ నగర మండలి సభ్యులకు,

నమస్కారం.

మేం కాన్సస్ సిటీలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉంటున్న తెలుగువాళ్లం. మునిసిపల్ బాండ్ల లెక్కలు, నిర్మాణ అంచనాలు, వాననీటి కాలువల డిజైన్లు మా రోజువారీ పనులు. డౌన్‌టౌన్‌లో రాయల్స్ జట్టుకు కొత్త బేస్‌బాల్ స్టేడియం, దానికి ప్రజల డబ్బు అనే ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాం. తెలుగులో ఎందుకంటే, ఈ పన్ను కట్టేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇన్నింగ్స్ అంటే క్రికెట్టే గుర్తొచ్చే ఇళ్లలో కూడా దీని మీద చర్చ జరగాలి.

స్టేడియం వద్దని మేం అనడం లేదు. ఈస్ట్ క్రాస్‌రోడ్స్‌లో కడతారా, క్రౌన్ సెంటర్ పక్కన కడతారా అన్నదీ ఈ లేఖకు సంబంధం లేని సంగతి. మేం అడిగేది ఒక్కటే. స్టేడియాన్ని జట్టు ఏ షరతులతో వాడుకుంటుందో చెప్పే లీజును, సంతకానికి సిద్ధమైన రూపంలో, ముందు బయట పెట్టండి, ఓటు ఆ తర్వాత పెట్టండి.

2024లో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ ఏడాది ఫిబ్రవరి 13న ఈస్ట్ క్రాస్‌రోడ్స్ స్థలాన్ని ప్రకటించారు. ఏప్రిల్ 2న ఓటు. మధ్యలో ఏడు వారాలు. అప్పటికి తుది లీజు లేదు, ఏ వీధి మూస్తారో తేలలేదు, అక్కడున్న చిన్న దుకాణాల గతేమిటో ఎవరూ చెప్పలేదు. 2031లో ముగియాల్సిన 3/8 సెంటు సేల్స్ టాక్స్‌ను తీసేసి, అదే రేటును 40 ఏళ్లకు కొత్తగా వేయడానికి ఒప్పుకోమన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సుమారు 58 శాతం మంది కాదన్నారు. జట్టు మీద ప్రేమ లేక కాదు, కాగితం లేక. ఇదే ఊళ్లో 2006లో అదే 3/8 సెంటుకు జనం సరేనన్నారు. ఆ డబ్బుతోనే రాయల్స్ ఇప్పుడు ఆడే కాఫ్‌మన్ స్టేడియం మరమ్మతులు 2009కి పూర్తయ్యాయి.

పన్ను సంగతి. 3/8 సెంటు అంటే వంద డాలర్లకు 37.5 సెంట్లు. పాతిక డాలర్ల సోనామసూరి బస్తా కొంటే తొమ్మిది సెంట్లు. వినడానికి ఏమీ కాదు. మిస్సోరిలో కిరాణా సరుకుల మీద రాష్ట్రం తన పన్ను తగ్గించుకుంది గానీ, స్థానిక పన్ను బియ్యానికీ పాలకూ పూర్తిగా పడుతుంది. నెలకు 600 డాలర్ల సరుకులు కొనే ఇంటికి ఏడాదికి 27 డాలర్లు, 40 ఏళ్లకు 1,080. జీతం పెద్దదైనా చిన్నదైనా బియ్యం బస్తా ధర ఒకటే కదా. అందుకే ఈ రకం పన్ను తక్కువ సంపాదించేవాళ్ల మీదే బరువుగా పడుతుంది.

ఇప్పుడు అప్పు. ఒక బిలియన్ డాలర్లకు 5 శాతం వడ్డీతో 30 ఏళ్ల బాండ్లు అమ్మితే ఏటా 65 మిలియన్లు, మొత్తం 1.95 బిలియన్లు కట్టాలి. గడువును 40 ఏళ్లకు సాగదీస్తే ఏటా కట్టేది 58 మిలియన్లకు దిగుతుంది గానీ, మొత్తం 2.33 బిలియన్లవుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, స్టేడియం అంతకాలం నిలవదు. అట్లాంటాలో టర్నర్ ఫీల్డ్‌లో బేస్‌బాల్ 1997 నుంచి 2016 దాకా ఇరవై సీజన్లే నడిచింది. ఆర్లింగ్టన్‌లో 1994లో తెరిచిన బాల్‌పార్క్‌ను వదిలేసి టెక్సస్ రేంజర్స్ 2020లో కొత్తదానికి వెళ్లారు. ఇల్లు కూలిపోయాక కూడా ఇంటి అప్పు కడుతూ కూర్చునే పరిస్థితి రాకూడదంటే, బాండ్ల గడువు లీజు గడువును దాటకూడదు. ఒక్క రోజు కూడా.

సాగదీసిన అప్పు ఎలా ఉంటుందో మయామీని చూస్తే తెలుస్తుంది. 2012లో తెరిచిన మార్లిన్స్ స్టేడియం కోసం చేసిన అప్పుల్లో ఒక భాగం 91 మిలియన్లు. మొదట్లో చాలా ఏళ్లు పైసా కట్టనక్కర్లేదు, ఆ వడ్డీ వెళ్లి అసలులో కలుస్తుంది, చివర్లో అంతా కలిపి తీర్చాలి. 2048 నాటికి ఆ 91 మిలియన్లకు కట్టాల్సింది దాదాపు 1.2 బిలియన్లు. మన ఊళ్లలో చక్రవడ్డీ అంటే ఇదే, సూటు వేసుకుని వచ్చింది, అంతే. ఇలాంటి బాండ్లు వాడబోమని తీర్మానంలో ఒక వాక్యం రాసేస్తే ఈ గొడవ మీకు తగ్గుతుంది.

ఆదాయం వైపు లెక్కలోనే అసలు మోసం ఉంటుంది. కావాలని చేశారని అనం. కొత్త స్టేడియం వస్తే ఇంత పన్ను వస్తుందని సలహాదారుల నివేదికలు చెబుతాయి. దేనితో పోలిస్తే అంత? కాఫ్‌మన్ స్టేడియం కూడా జాక్సన్ కౌంటీలోనే ఉంది, కాన్సస్ సిటీ హద్దుల్లోనే ఉంది. ఏటా 81 ఆటలు అక్కడ ఇప్పటికే జరుగుతున్నాయి. టికెట్టు మీద పన్ను, హాట్‌డాగ్ మీద పన్ను, నగరం వసూలు చేసే ఒక శాతం ఎర్నింగ్స్ టాక్స్ (బయటి నుంచి వచ్చి ఆడే జట్ల ఆటగాళ్లూ ఇది కడతారు) ఇప్పటికే ఖజానాకు చేరుతున్నాయి. ఆటను అదే కౌంటీలో, అదే ఊళ్లో ఇంకో చోటికి జరిపితే ఆ డబ్బు కొత్తదెలా అవుతుంది? పక్క రాష్ట్రం కాన్సస్ నుంచి ఆటకొచ్చే ఓవర్‌ల్యాండ్ పార్క్ కుటుంబం ఖర్చు మిస్సోరికి నిజంగా లాభమే, కానీ ఆ కుటుంబం నేడు కాఫ్‌మన్‌కూ వస్తోంది. డౌన్‌టౌన్‌లో ఆట ముగిశాక హోటల్లో తినే భోజనం వేరే రోజు వెస్ట్‌పోర్ట్‌లోనో, బ్రూక్‌సైడ్‌లోనో తినబోయిందే కావచ్చు. స్టేడియంల ఆర్థిక ప్రభావం మీద జె.సి. బ్రాడ్‌బరీ, డెన్నిస్ కోట్స్, బ్రాడ్ హంఫ్రీస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దశాబ్దాల పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చింది కూడా ఇదే. ప్రజలు పెట్టిన సొమ్ముకు సరిపడా ప్రతిఫలం స్థానిక ఆర్థిక వ్యవస్థకు రావడం లేదు.

కాబట్టి పోల్చి చూడాల్సిన మొదటి అంకె, అంటే బేస్‌లైన్, సున్నా కాదు, కాఫ్‌మన్‌లో నేడు వస్తున్న పన్ను. గత ఐదు సీజన్ల సగటు తీసి, దాన్ని దాటి వచ్చిన డాలరునే కొత్త డాలరుగా లెక్కించండి. అప్పు తీర్చడానికి వాడదగ్గది అంతే. మిస్సోరి 2025 జూన్‌లో చేసిన చట్టం స్టేడియం ఖర్చులో 50 శాతం వరకు రాష్ట్రం భరించే దారి తెరిచింది. దానికీ ఈ ప్రశ్నే వర్తిస్తుంది.

కొత్త డబ్బు రాకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి వేరే ఊరు వెళ్లనక్కర్లేదు. డౌన్‌టౌన్‌లో హోటళ్లు, వినోదశాలలు ఉన్న పవర్ అండ్ లైట్ డిస్ట్రిక్ట్ కోసం నగరం సుమారు 295 మిలియన్ల బాండ్లు అమ్మింది. అక్కడి అమ్మకాల మీద వచ్చే పన్నులే అప్పు తీరుస్తాయని అప్పట్లో అంచనా. తీర్చలేదు. ఏటా పది మిలియన్లకు పైగా సాధారణ నిధి నుంచి పూడ్చాల్సి వచ్చింది. కారణం ఆ బాండ్ల వెనక ఉన్న ఒక చిన్న మాట, యాన్యువల్ అప్రోప్రియేషన్. అంటే ప్రతి ఏడాది బడ్జెట్లో కేటాయిస్తామని నగరం ఇచ్చే మాట. చట్టప్రకారం కేటాయించకపోవచ్చు. కేటాయించకపోతే రేటింగ్ సంస్థలు నగరం పరపతిని దించేస్తాయి, రోడ్లకూ ఫైర్ స్టేషన్లకూ చేసే అప్పులన్నిటి వడ్డీ పెరుగుతుంది. ఇది అప్పు కాదంటూనే పీక మీద కత్తి పెట్టే ఏర్పాటు. ఈసారి ఆ మాట ఇవ్వదలిస్తే, ఆదాయం తగ్గిన ఏడాది లోటును మొదట జట్టు పూడ్చాలని, దానికి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (జట్టు కట్టకపోతే బ్యాంకే కడుతుందన్న హామీ) ఇవ్వాలని రాయించండి. జట్టు ఒప్పుకోకపోతే వాళ్ల అంచనాల మీద వాళ్లకే నమ్మకం లేదని అర్థం.

అద్దె ఎందుకంత తక్కువ ఉంటుందో చాలామందికి తెలియదు. 1986 ఫెడరల్ పన్ను చట్టంలో ఒక గీత ఉంది. స్టేడియాన్ని ప్రైవేటు జట్టు వాడుకుంటూ, బాండ్ల వాయిదాల్లో 10 శాతానికి మించి ఆ జట్టు కట్టే డబ్బుతో తీరితే, ఆ బాండ్లకు వడ్డీ మీద పన్ను మినహాయింపు పోతుంది. వాడకం ఎలాగూ జట్టుదే. కాబట్టి మినహాయింపు నిలవాలంటే జట్టు నుంచి తీసుకునేది 10 శాతం లోపే ఉండాలి. చౌక వడ్డీ కోసం అద్దె వదులుకోవడమే ఇది. ప్రతి చోటా వాయిదాలను జనరల్ సేల్స్ టాక్స్ మీదకు తోయడానికి ఇదొక ముఖ్య కారణం.

వదులుకుంటున్నది ఎంతో లెక్క వేసి చూడండి. 600 మిలియన్లకు 30 ఏళ్లు, మినహాయింపు ఉన్న బాండ్లు 4.5 శాతం వడ్డీకి దొరికాయనుకుందాం. ఏడాది వాయిదా 36.8 మిలియన్లు. మినహాయింపు లేనివి 6 శాతమనుకుంటే 43.6. తేడా ఏడు మిలియన్లకు కొంచెం తక్కువ. మొదటి దారిలో జట్టు నుంచి 3.7 మిలియన్లకు మించి తీసుకోలేరు. రెండో దారిలో పరిమితి లేదు. జట్టు ఏటా పదకొండు మిలియన్ల అద్దె కడితే చాలు, రెండో దారే ప్రజలకు చవక. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించమని మీ బాండ్ సలహాదారుణ్ని అడగండి. అడగకపోతే రెండోది ఆయన తీయరు.

నిర్మాణ ఖర్చు మాటకొస్తే, రంగురంగుల బొమ్మల దశలో చెప్పే అంకె అంకె కాదు. ఆ దశలో అంచనా 30 శాతం తగ్గొచ్చు, 50 శాతం పెరగొచ్చన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకునే మాట. తగ్గినవి మాకైతే కనబడలేదు. లాస్ వేగస్‌లో అథ్లెటిక్స్ జట్టు స్టేడియానికి నెవాడా 2023 జూన్‌లో 380 మిలియన్ల వరకు ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు మొత్తం ఖర్చు 1.5 బిలియన్లన్నారు, తర్వాత అది 1.75 అయింది, ఆ తర్వాత 2 బిలియన్లు. నెవాడా అక్కడ ఒక మంచి పని చేసింది, తన వాటాకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మీరూ అంతే చేయాలి. ‘ఖర్చులో ఇంత శాతం’ అని రాయకండి, ‘ఇన్ని డాలర్లు, ఆపైన ఒక్కటీ లేదు’ అని రాయండి. గరిష్ఠ ధర హామీ కాంట్రాక్టు కుదిరి, జట్టు వాటా డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పడ్డాకే ప్రజల డబ్బు మొదటి విడత విడుదల కావాలి. వరుస తప్పితే ప్రజల డబ్బుతో గొయ్యి తవ్వి, మిగతా డబ్బు కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

ఆ గొయ్యి గురించి కూడా కొంచెం చెప్పాలి. బ్యాలెట్ కాగితం మీద ఎప్పుడూ కనిపించని ఖర్చులు దాని చుట్టూనే ఉంటాయి.

బేస్‌బాల్ మైదానం చూడ్డానికి పచ్చిక. నిజానికి అదొక జల్లెడ. పచ్చిక కింద పది పన్నెండు అంగుళాల ఇసుక, దాని కింద నాలుగు అంగుళాల చిన్న కంకర, ఆ కంకరలో చిల్లుల పైపులు వరసగా. వాన ఆగిన కాసేపటికి ఆట మొదలుపెట్టడానికే ఈ ఏర్పాటంతా. మైదానం ఎంత బాగా పనిచేస్తే బయటి కాలువ మీద అంత ఒత్తిడి. ఎకరంలో ఒక అంగుళం వాన పడితే 27,154 గ్యాలన్లు. సీట్లు, కాంక్రీటు దారులు కలిపి 12 ఎకరాలనుకుంటే మూడు లక్షల పాతిక వేల గ్యాలన్లు. డౌన్‌టౌన్ పాత భాగంలో వాననీరూ మురుగునీరూ ఒకే పైపులో పోతాయి. పెద్ద వానకు ఆ పైపులు పొంగి నదిలో కలుస్తున్నాయనే నగరం 2010లో ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, 25 ఏళ్లలో 2.5 బిలియన్ల పని నెత్తిన వేసుకుంది. ఆ బిల్లు మన నీటి బిల్లుల్లోనే వస్తోంది. కొత్త స్టేడియం తన వాననీటిని తన స్థలంలోనే భూగర్భ ట్యాంకుల్లో ఆపి, మెల్లగా వదలాలి. ఆ ట్యాంకులు స్టేడియం ఖర్చులో భాగమా, నగర ‘మౌలిక వసతుల’ ఖర్చులో భాగమా? ఈ ఒక్క మాట ఏ పట్టికలో పడుతుందన్న దాని మీద పదుల మిలియన్లు అటూ ఇటూ మారతాయి. కరెంటు లైన్లు, గ్యాస్, ఫైబర్ మళ్లించడం, మూసే వీధికి బదులు కొత్త వీధి, పాత స్టేడియం కూల్చివేత కూడా ఇలాంటివే. ఎవరి వాటా ఎంతో చెప్పకుండా ‘మౌలిక వసతులు’ అని ఒక్క గీత గీస్తే అది ఖాళీ చెక్కే.

స్ట్రీట్‌కార్ ఉంది కదా, పార్కింగ్ అక్కర్లేదంటారు. ఒక బండిలో ఇరుక్కుని నిలబడితే 150 మంది. పది నిమిషాలకొకటి అంటే గంటకు ఒక దిశలో 900 మంది, రెండు వైపులా కలిపితే 1,800. 34,000 మంది వచ్చిన ఆటలో పది శాతమే ఎక్కాలన్నా 3,400 మంది. ఆట అయ్యాక వాళ్లందరినీ పంపడానికి దాదాపు రెండు గంటలు, అదీ ముందు స్టాపుల్లో ఎవరూ ఎక్కి ఉండకపోతే. అదనపు బండ్లు, వాటిని నడిపేవాళ్లు, ఆట రోజుల్లో పోలీసుల ఓవర్‌టైమ్, వీధుల శుభ్రత, ఏడాదికి 81 సార్లు. ఇది ఎవరి పద్దు?

లీజుకు వద్దాం, మేం ముందు చూడాలంటున్నది అదే కాబట్టి.

‘జట్టు ముప్పై ఏళ్లు ఇక్కడే ఉంటుంది’ అన్న హామీకి రెండు రకాల అర్థాలున్నాయి. వెళ్లిపోతే జరిమానా కట్టాలన్నది ఒకటి. ఆడి తీరాలి, కోర్టు ద్వారా ఆడించవచ్చు అన్నది రెండోది. తేడా ఎంతో మిన్నెసోటాలో తేలింది. 2001లో బేస్‌బాల్ లీగ్ రెండు జట్లను మూసేయాలనుకున్నప్పుడు, అక్కడి ట్విన్స్ జట్టుకు మెట్రోడోమ్ స్టేడియంతో ఉన్న లీజు ఆధారంగా, 2002 సీజన్ అక్కడే ఆడాలని కోర్టు ఆదేశించింది. పై కోర్టు దాన్ని సమర్థించింది. జట్టు నిలిచింది. జరిమానా మాత్రమే రాసుకుంటే, దాన్ని కొత్త ఊరు సంతోషంగా కట్టేస్తుంది.

తర్వాత, మరమ్మతులు. ఒహాయోలో హామిల్టన్ కౌంటీ 1996లో అర సెంటు సేల్స్ టాక్స్‌కు జనం చేత ఒప్పించి, ఆస్తి పన్నులో రాయితీ ఇస్తామని చెప్పి, సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టుకూ బెంగాల్స్ ఫుట్‌బాల్ జట్టుకూ స్టేడియంలు కట్టింది. పన్ను అంచనా అందుకోలేదు, రాయితీ కోతపడింది, కౌంటీ తన ఆసుపత్రిని అమ్ముకుంది. బెంగాల్స్ అప్పటి లీజులో భవిష్యత్తులో వచ్చే పరికరాల జాబితా కూడా ఉండేది, హోలోగ్రాఫిక్ రీప్లే సహా. ‘లీగ్‌లోని ఇతర స్టేడియంలతో సమాన స్థాయిలో ఉంచాలి’ అనే వాక్యం మీ ముసాయిదాలో కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేయండి. బదులుగా ఏటా ఇంత అని జట్టూ ప్రభుత్వమూ వేసే నిధి పెట్టండి. అది అయిపోతే ఖర్చు జట్టుది.

లాభంలో వాటా విషయానికొస్తే మళ్లీ మయామీనే. యజమాని జట్టును అమ్మితే లాభంలో వాటా ప్రజలకన్నారు. 2017లో 1.2 బిలియన్లకు అమ్మారు. లెక్కలు చూపించి నష్టమే వచ్చిందన్నారు. కోర్టుకెక్కితే చివరికి రాజీలో దక్కింది నాలుగు మిలియన్ల పైచిలుకు. వాటా కాగితం మీద ఉంది, లాభమంటే ఏమిటో మాత్రం జట్టు అకౌంటెంటు చేతిలో ఉండిపోయింది. అందుకే లాభం మీద కాదు, అమ్మిన ధర మీద శాతం రాయించండి. మిన్నెసోటాలో టార్గెట్ ఫీల్డ్ చట్టం ఆ దారే పట్టింది. ఆ స్టేడియానికి హెనెపిన్ కౌంటీ పెట్టిన పన్ను 0.15 శాతం, ఇరవై డాలర్లకు మూడు సెంట్లు. అందులో కొంత గ్రంథాలయాలకూ పిల్లల ఆటలకూ వెళ్లేలా రాశారు. ఓటు పెట్టకుండా వేయడం మాకు నచ్చదు గానీ, ఒప్పందం రాసినవాళ్లకు పని తెలుసని ఒప్పుకోవాలి.

ఇంకొకటి, ఆస్తి పన్ను. స్టేడియం ప్రభుత్వం పేరున ఉంటే దాని మీద ఆస్తి పన్ను ఉండదు. ఆ స్థలంలో ఇప్పుడున్న దుకాణాలు కట్టే పన్నులో పెద్ద భాగం పాఠశాలలకు పోతోంది. ఆ మొత్తాన్ని పన్నుకు బదులు చెల్లింపుగా జట్టు కట్టాలి, ఏటా పెరుగుతూ.

జట్టు వెళ్లిపోతుందన్న భయం మాకు తెలుసు. 2025 డిసెంబర్‌లో ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ 2031 నుంచి కాన్సస్ వైపు ఆడతామని ప్రకటించాక ఆ భయం ఇంకా పెరిగింది. అటువైపు 2024 చట్టం ఖర్చులో 70 శాతం దాకా బాండ్లకు దారి తెరిచింది, పోటీ పడి గెలవడం కష్టం. అయితే ఈ ఊరి చరిత్రే ఇంకోటి చెబుతోంది. 1967 జూన్‌లో జాక్సన్ కౌంటీ ఓటర్లు స్టేడియంలకు 43 మిలియన్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అదే ఏడాది చివర్లో, అప్పట్లో ఈ ఊళ్లోనే ఆడిన అథ్లెటిక్స్ యజమాని జట్టును ఓక్లాండ్ తీసుకుపోయాడు. జనం అవునన్నా పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో ఓటర్లు నాలుగుసార్లు కాదన్నారు. అక్కడి జెయింట్స్ జట్టు పోలేదు, ఎక్కువగా సొంత డబ్బుతోనే స్టేడియం కట్టుకుని 2000లో తెరిచారు. ఓటుకూ జట్టు ఉండటానికీ మీరు అనుకున్నంత ముడి లేదు.

సమయం లేదంటారేమో. కాఫ్‌మన్ లీజు 2031 జనవరి 31 దాకా ఉంది. నిర్మాణానికి 30 నుంచి 36 నెలలు, అంటే 2028 వసంతానికి పని మొదలవ్వాలి. దానికి ముందు డిజైన్‌కు ఏడాది, ఏడాదింబావు. 90 రోజులు అందులో ఎక్కడైనా ఇముడుతాయి. ఓటుకు గానీ, మండలి తీర్మానానికి గానీ 90 రోజుల ముందు లీజు పూర్తి ముసాయిదా, ప్రతి ఏడాది వాయిదాల పట్టిక, కాఫ్‌మన్ బేస్‌లైన్‌తో తీసిన ఆదాయ అంచనా, మౌలిక వసతుల పద్దు విడివిడిగా, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ వెబ్‌సైట్‌లో పెట్టండి. తెలుగు మేం చేసుకుంటాం. పట్టికలు పీడీఎఫ్‌గా కాకుండా స్ప్రెడ్‌షీట్‌గా, ఫార్ములాలతో సహా ఇవ్వండి. అంకె మార్చి చూస్తేనే ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది.

ఆ కాగితాలు ఏ తేదీన పెడతారో మీ తదుపరి బహిరంగ సమావేశంలో చెప్పమని కోరుతున్నాం.

ఇట్లు,
కాన్సస్ సిటీ ప్రాంత తెలుగు నివాసులు కొందరు